చేతిని కదుపుతున్నది ఎవరు?

పక్షవాతం వచ్చిన ఇంట్లో మొదటి రెండు మూడు వారాలు అందరి కళ్ళూ కాలి మీదే ఉంటాయి. లేచి నిలబడితే చాలు, నాలుగడుగులు వేస్తే చాలు, ఒకరి సాయం లేకుండా బాత్రూముకి వెళ్ళొస్తే చాలు అని మొక్కుకుంటాం. కాలు చాలామందికి ఎంతో కొంత తిరిగొస్తుంది. కాస్త ఈడ్చుకుంటూ వేసినా అడుగు అడుగే. చేతికి ఆ వెసులుబాటు లేదు. సగం వచ్చిన చెయ్యి గ్లాసు పట్టుకోలేదు, చొక్కా గుండీ పెట్టలేదు. అందుకే ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ వచ్చిన మనిషి కూడా ఆర్నెల్ల తర్వాత చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని కనిపిస్తాడు.

మన ఇళ్ళలో దీనికి ఇంకో బాధ తోడవుతుంది. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళు ఎడమచేత్తో తినలేక, తింటుంటే నలుగురూ చూస్తారని పెళ్ళి పంక్తిలో కూర్చోవడం మానేస్తారు. ఎడమచెయ్యి పడిపోయినవాళ్ళకి బాత్రూములో కడుక్కోవడమే సమస్య. ఈ రెండూ డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పేవాళ్ళు తక్కువ. మీరు మాత్రం చెప్పండి. చేతికి చేసే చికిత్స ఏ పనికోసం అన్నది తేలితేనే, అది పనిచేస్తోందో లేదో తేలుతుంది.

ఇప్పుడు పెద్ద ఊళ్ళలోని ఆసుపత్రుల్లో, పునరావాస కేంద్రాల్లో చేతికి రోబో థెరపీ ఉంది. "రోబో పెడితే చెయ్యి వచ్చేస్తుందా?" అని కుటుంబాలు అడుగుతున్నాయి. పెట్టినంత మాత్రాన రాదు. రోబో ఇచ్చేది అవకాశం మాత్రమే: అలసిపోని తోడు ఉండి, ఒకే కదలికను వందలసార్లు చేయించే అవకాశం. ఆ వందలసార్లూ ప్రయత్నం మీదైతే ఫలితం ఉంటుంది. ప్రయత్నం కూడా యంత్రానిదే అయితే మీరు కూర్చున్న గంట వృథా.

ఎందుకో అర్థం కావాలంటే దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలి. పక్షవాతంలో చేతి కండరాలకి ఏమీ కాదు. మెదడులో రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో జరిగి, చేతికి ఆదేశాలు పంపే కణాలు కొన్ని చనిపోతాయి. చనిపోయినవి తిరిగి రావు. కానీ చుట్టుపక్కల బతికున్న భాగం ఆ పని నేర్చుకోగలదు. 1996లో అమెరికాలో రాండాల్ఫ్ నూడో బృందం చిన్నకోతుల మీద చేసిన ప్రయోగం దీన్ని కళ్ళకు కట్టింది. మెదడులో చేతిని నడిపే చోట చిన్న దెబ్బ తగిలిన కోతులతో బుల్లి గుంటల్లోంచి మేత తీయించారు. అలా రోజూ వందలసార్లు వేళ్ళు వాడిన కోతుల్లో చేతికి కేటాయించిన భాగం నిలబడింది. కొన్నిట్లో అది పక్కనున్న భుజం, మోచేతుల చోటులోకి పాకింది కూడా. అంతకుముందు చేసిన ప్రయోగంలో, అలాంటి సాధన లేని కోతులకి దెబ్బ తగలని పక్క భాగంలో కూడా చేతి చోటు కుంచించుకుపోయింది. వాడని చేతి చోటు ఇంకొకటి ఆక్రమించుకుంటుందన్నమాట. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గడిపే ప్రతి నెలా ఎందుకు ఖరీదైనదో ఇక్కడ తెలుస్తుంది.

మరి మనుషులకి ఆ వందల సాధన దొరుకుతోందా? కేథరీన్ లాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అమెరికా, కెనడాల్లోని కేంద్రాల్లో 312 థెరపీ సెషన్లని పక్కన కూర్చుని లెక్కపెట్టారు. 2009లో ఫలితం ప్రచురించారు. చేతితో పనికొచ్చే కదలికలు చేయించిన సెషన్లలో అవి సగటున 32. కోతులకి వందలు, మనుషులకి ముప్ఫై రెండు! థెరపిస్టులది తప్పనలేం. ఒక మనిషి బరువైన చేతిని మోచేతి కింద పట్టుకుని ముందుకు చాపిస్తూ, వెనక్కి తెప్పిస్తూ, భుజం జారకుండా చూసుకుంటూ ఎన్నిసార్లని చేయించగలరు? బయట ఇంకో పదిమంది ఎదురుచూస్తుంటారు.

రోబో పుట్టింది ఈ కొరత తీర్చడానికే. అమెరికాలోని ఎం.ఐ.టి.లో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ తయారుచేసిన యంత్రం పేరు ఎం.ఐ.టి.-మానస్. 1994లో న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌లో ఉన్న బర్క్ పునరావాస ఆసుపత్రిలో రోగులతో దాన్ని వాడటం మొదలుపెట్టారు. రోబో అంటే మనిషి ఆకారం ఊహించుకోకండి. ఒక బల్ల ఉంటుంది. దాని మీద మడత తిరిగే లోహపు చెయ్యి, చివర పట్టుకోవడానికి పిడి. రోగి కుర్చీలో కూర్చుంటే, ముంజేతిని ఒక తొట్టెలాంటి ఆధారంలో పెట్టి పట్టీలు బిగిస్తారు. ఎదురుగా తెర. తెర మధ్యలో ఒక చుక్క, చుట్టూ గుండ్రంగా ఎనిమిది చుక్కలు. వెలిగిన చుక్క దాకా చేతిని తీసుకెళ్ళి, మళ్ళీ మధ్యకి రావాలి. తర్వాత ఇంకో చుక్క. అంతే ఆట.

అసలు తెలివి ఆ పిడిలో ఉంది. మీరు కదిపితే అది అడ్డు చెప్పకుండా మీతో వస్తుంది, బరువే తెలియదు. మీ చెయ్యి దారి తప్పితే మెత్తని గోడ తగిలినట్టు పక్కనుంచి ఆపుతుంది. మీరు మొదలుపెట్టలేకపోతే కొద్దిసేపు ఆగి చూసి, అప్పుడు తానే మెల్లగా తోస్తుంది. మీ చెయ్యి మెరుగయ్యేకొద్దీ తోడ్పాటు తగ్గిస్తుంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలో ఇలా ఒక్కో సెషన్‌లో సగటున 1,024 కదలికలు చేయించగలిగారు. ముప్ఫై రెండు ఎక్కడ, వెయ్యి పైచిలుకు ఎక్కడ!

ఇక్కడే జాగ్రత్తపడాలి. యంత్రం తోస్తున్నప్పుడు చెయ్యి కదులుతుంది, తెర మీద మార్కులు పడతాయి, పక్కన నిలబడి చూసే కొడుకుకి ప్రాణం లేచొస్తుంది. కానీ మన శరీరం పొదుపరి. ఎవరో పని చేసి పెడుతున్నారని పసిగడితే, తన వంతు శ్రమ తనకి తెలియకుండానే తగ్గించేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్విన్‌లో డేవిడ్ రైన్‌కెన్స్‌మయర్ బృందం రోబోలతోనే ఈ సంగతి చూపించింది. యంత్రం ఎంత ధారాళంగా సాయం చేస్తే, రోగి అంత నిదానించాడు. అందుకే మంచి రోబోలన్నీ అవసరమైనంత మేరకే సాయం చేసేలా అమర్చి ఉంటాయి. ఆ అమరికను మీ చేతికి తగ్గట్టు సరిచేయాల్సింది థెరపిస్టు. కాబట్టి కేంద్రానికి వెళ్ళిన మొదటి రోజే అడగండి: "ఇప్పుడు చేతిని కదుపుతున్నది ఆయనా, యంత్రమా? సాయం ఎంత పెట్టారు? పోయిన వారం కంటే తగ్గించారా?" ఈ ప్రశ్నలకి వాళ్ళు తెర తిప్పి చూపించి వివరిస్తే మీరు సరైన చోట ఉన్నట్టే. "అదంతా మెషీనే చూసుకుంటుందండీ" అన్నారంటే ఇంకోసారి ఆలోచించండి.

రోగికి కూడా ఒక మాట. యంత్రం కదిలేలోపు మీరు కదలండి. చుక్క వెలగగానే మనసులో చేతిని అక్కడికి పంపండి, పళ్ళు బిగించకుండా, ఊపిరి బిగబట్టకుండా. చెయ్యి అంగుళం కదిలినా, అసలు కదలకపోయినా ఆ ప్రయత్నం వృథా పోదు. సెషన్ అయ్యాక ఒళ్ళు అలవకపోయినా మనసు అలసి, నిద్ర ముంచుకొస్తే అది మంచి గుర్తు. ఫోను చూసుకుంటూ, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ గంట గడిచిపోయిందంటే ఆ గంట యంత్రానికే వ్యాయామం.

ఇక ఫలితాల సంగతి. డబ్బు కట్టేముందు ఇవి తెలుసుకోవడం మీ హక్కు. 2010లో వెలువడిన మాజీ సైనికుల పరీక్షలో 127 మంది పాల్గొన్నారు. అందరికీ పక్షవాతం వచ్చి ఆర్నెల్లు దాటింది, చాలామందికి ఏళ్ళు గడిచాయి. పన్నెండు వారాల్లో 36 సెషన్లు. రోబోతో చేసినవాళ్ళు మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే పన్నెండు వారాలప్పుడు పెద్దగా ముందుకు పోలేదు. 36 వారాలకి చూస్తే కొద్దిగా ముందున్నారు. అయితే యంత్రం లేకుండా, థెరపిస్టులే అంత తీవ్రంగా చేయించిన మూడో బృందం కూడా రోబో బృందంతో సమానంగానే ఉంది. నాకు ఇందులో కనిపించే శుభవార్త రెండు ముక్కలు. ఒకటి, ఏళ్ళ తర్వాత కూడా చెయ్యి మెరుగవుతుంది. ఆర్నెల్లు దాటితే ఇక ఇంతే అన్నమాట నిజం కాదు. రెండోది, పని చేసింది లోహం కాదు, సాధన.

2019లో బ్రిటన్ నుంచి ఇంకా పెద్ద పరీక్ష వచ్చింది, 770 మందితో. రోబో శిక్షణ ఒక బృందానికి, రోజువారీ పనులనే లక్ష్యంగా పెట్టుకుని థెరపిస్టులు తీవ్రంగా చేయించే సాధన ఇంకో బృందానికి, మామూలు వైద్యం మూడో బృందానికి. మొదటి రెండు బృందాలకీ వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు, పన్నెండు వారాలు. అనుకున్న మేర చేతి పనితనం మెరుగైనవాళ్ళు రోబో బృందంలో నూటికి 44 మంది, పనుల సాధన బృందంలో 50 మంది, మామూలు వైద్యంలో 42 మంది. ఈ తేడాలు గట్టిగా చెప్పుకోదగ్గవి కావు. రోబో వాడినవాళ్ళ చేతి కదలిక కొంత బాగుపడింది గానీ అది గ్లాసు ఎత్తడంలో, బట్టలు వేసుకోవడంలో కనిపించలేదు. రోజువారీ పనుల్లో మెరుగు కనిపించింది, ఆ పనులనే సాధన చేసినవాళ్ళలో.

దీనికి ఒక ఏడాది ముందు, 2018లో, 45 పరీక్షల్ని కలిపి చూసిన కొక్రేన్ అనే పరిశోధన సంస్థ సమీక్ష మాత్రం రోబో శిక్షణతో చేతి బలం, పనితనం, రోజువారీ పనులు మెరుగవుతాయనే తేల్చింది. రెండూ కలిపి చదివితే నాకు తోచేది ఇది. బల్ల మీద చుక్కలు తాకడం నేర్చిన చెయ్యి, చుక్కలు తాకడంలో నేర్పరి అవుతుంది. దాన్ని వంటింట్లోకి, స్నానాల గదిలోకి తీసుకెళ్ళాల్సింది మనం. ఆ రెండో అడుగు వేయించని కేంద్రంలో రోబో ఎంత ఖరీదైనదైనా సగం చికిత్సే.

యంత్రం ఎవరికి ఎక్కువ ఉపయోగం? చెయ్యి కాస్త కదులుతూ, సొంతంగా పని చేసేంత కదలనివాళ్ళకి. వాళ్ళు సాయం లేకుండా సాధన మొదలే పెట్టలేరు, ఒక మనిషి అన్నిసార్లు మోయలేడు. అప్పటికే గ్లాసు పట్టుకోగలిగేవాళ్ళు యంత్రం దగ్గర ఎక్కువకాలం ఉండనక్కర్లేదు, నేరుగా పనుల్లోకి దిగొచ్చు. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతుల్లో కొంత కదలిక మిగిలినవాళ్ళకి కూడా ఈ పద్ధతిని వాడుతున్నారు.

ఒక్క రకం దెబ్బని మాత్రం వేరు చేసి చెప్పాలి, ఎందుకంటే మన రోడ్ల మీద అది చాలా ఎక్కువ. బైకు మీంచి పడి మెడకీ భుజానికీ మధ్య ఒక్కసారిగా లాగినట్టయితే, అక్కడినుంచి చేతికి వెళ్ళే నరాల గుత్తి తెగిపోవచ్చు. చెయ్యి చచ్చుబడి వేలాడుతుంది. చూడటానికి పక్షవాతంలాగే ఉన్నా ఇది మెదడు సమస్య కాదు. తెగిన నరానికి సాధన చేయించి లాభం లేదు, ఆపరేషన్ అవసరమేమో వెంటనే తేల్చాలి. నరాల ఆపరేషన్ మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో జరిగితే ఫలితం మెరుగు. ఆలస్యమైతే కండరమే ఎండిపోతుంది. కుర్రాడి చెయ్యి అలా వేలాడుతుంటే ఏ మెషీన్ దగ్గరికీ, ఏ పసరు మందు దగ్గరికీ తిప్పుతూ కాలం పోగొట్టకండి. నరాల శస్త్రచికిత్స తెలిసిన సర్జన్‌కి చూపించండి.

విదేశీ రోబోల ధర చిన్న ఊళ్ళ కేంద్రాలకి అందేది కాదు. ఆ లోటు పూడ్చే పని మన దేశంలోనే జరుగుతోంది. వెల్లూరు సి.ఎం.సి., ఐ.ఐ.టి. మద్రాసు కలిసి చేసిన ప్లూటో అనే చిన్న యంత్రంలో ఒకటే మోటారు. పిడులు మార్చుకుంటూ దానితోనే మణికట్టు వంచడం, అరచెయ్యి తిప్పడం, గుప్పిట తెరవడం సాధన చేయొచ్చు. ఇంట్లో బల్ల మీద పెట్టుకోగలిగేంత చిన్నది. ఐ.ఐ.టి. హైదరాబాదులో పురుడుపోసుకున్న బీఏబుల్ హెల్త్ అనే సంస్థ ఆర్మ్‌ఏబుల్ తెచ్చింది. బల్ల మీద పిడిని కదుపుతూ తెర మీద ఆటలాడే పరికరం ఇది. విసుగు పుట్టించే సాధనని ఆటగా మార్చడం చిన్న విషయం కాదు. రోజూ అదే కదలిక చేసి చేసి ఎంతమంది మధ్యలో వదిలేస్తారో థెరపిస్టులని అడగండి, చెబుతారు.

ఇప్పుడు ఇంటి పని. మొట్టమొదట భుజాన్ని కాపాడండి. పడిపోయిన చేతి భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. మంచం మీంచి లేపడానికి ఆ చెయ్యి పట్టుకుని లాగినా, చంకలో చెయ్యి వేసి ఎత్తినా కీలు దెబ్బతింటుంది. భుజం నొప్పి పట్టుకుందంటే రోబో కాదు కదా, దువ్వెన కూడా పట్టుకోనివ్వదు. లేపేటప్పుడు నడుం దగ్గర పట్టుకోండి. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి. గోడకి కప్పీ, తాడు కట్టి మంచిచేత్తో చెడ్డచేతిని తలపైకి లాగే వ్యాయామం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. పక్షవాతం చికిత్సకి వైద్యులు పాటించే మార్గదర్శకాలు దాన్ని వద్దంటున్నాయి. వెంటనే విప్పేయండి.

రెండోది, రబ్బరు బంతి. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఇచ్చే సలహా బంతి పిసకమనే. చాలామందికి కొన్ని వారాలకి వేళ్ళు వాటంతటవే ముడుచుకుని బిగుసుకుంటాయి. అలాంటి చేతికి ముడవడం నేర్పక్కర్లేదు, తెరవడం నేర్పాలి. పట్టుకోవడం కంటే వదిలిపెట్టడమే కష్టమైన విద్య.

మూడోది, ఏ పని కావాలో ఆ పనినే ముక్కలు చేసి సాధన చేయడం. మొదట్లో చెప్పుకున్న కుడిచేతి భోజనాన్నే తీసుకుందాం. ఆకలి లేని వేళ బల్ల దగ్గర కూర్చోండి, వీపు కుర్చీకి ఆనించి. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. అంచు లోతుగా ఉన్న కంచం తీసుకోండి. మొదట చేతిని ఒళ్ళోంచి కంచం దాకా తేవడం, అంతే. చెయ్యి అందక నడుము ముందుకు వంగుతుంటే కంచాన్ని దగ్గరికి జరపండి. నడుము చేసే సాయం అలవాటైతే మోచెయ్యి ఎప్పటికీ చాచడం నేర్చుకోదు. అది కుదిరాక కంచంలో మరమరాలు పోసి వేళ్ళు తెరిచి వాటి మీద ఆనించడం, బొటనవేలితో దగ్గరికి తోయడం. ఎత్తలేకపోయినా పర్వాలేదు. తర్వాత నాలుగు గింజలైనా ఎత్తి పక్క గిన్నెలో వదలడం. మరమరాల తర్వాత పెరుగులో నానిన అటుకులు, ఆ తర్వాత ముద్దపప్పు అన్నం. చివరి మెట్టు నోటిదాకా. ఒక్కో మెట్టు మీద వారాలు పట్టొచ్చు. ఎన్నిసార్లు చేశారో గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి.

సాధన వేళ ఇంట్లోవాళ్ళకి కష్టమైన పని ఊరుకోవడం. నాన్న చెయ్యి వణుకుతూ కంచం దగ్గర ఆగిపోతే కూతురు చూసి తట్టుకోలేదు. "నాన్నా, నువ్వుండు, నేను పెడతా" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ అది సాయం ఎక్కువ పెట్టిన రోబో చేసే పనే. పది లెక్కపెట్టేదాకా ఆగండి. అప్పటికీ రాకపోతే మోచేతి కింద రెండు వేళ్ళు ఆనించండి, బరువు మాత్రం మొయ్యండి, దారి ఆయన్నే వెతుక్కోనివ్వండి.

చేతిలో కొంత పట్టు వచ్చినవాళ్ళకి ఇంకో దారి ఉంది. అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ రూపొందించిన పద్ధతిలో మంచిచేతికి రోజులో చాలాసేపు తొడుగు వేసి, పనులన్నీ బలహీనమైన చేతితోనే చేయిస్తారు. 2006లో 222 మందితో జరిగిన పరీక్షలో ఇది స్పష్టమైన మేలు చూపించింది. మణికట్టు, వేళ్ళు కొద్దిగానైనా పైకి లేపగలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. నడకలో తూలేవాళ్ళు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. మీ థెరపిస్టుతో మాట్లాడే చెయ్యండి.

చివరిగా డబ్బు సంగతి. రోబో సెషన్లకి ప్యాకేజీ కట్టేముందు చేతికి ఫ్యూగల్-మెయర్ పరీక్ష చేయించమనండి. భుజం నుంచి వేళ్ళదాకా మొత్తం 66 మార్కులు. ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. దాని కింద మీకు కావలసిన ఒక్క పని రాయండి: ముద్ద కలపడమో, చీర కుచ్చిళ్ళు పట్టుకోవడమో, చెంబుతో నీళ్ళు పోసుకోవడమో. పన్నెండు సెషన్ల తర్వాత మళ్ళీ కొలవమనండి. మార్కులూ, ఆ పనీ రెండూ కదిలితే కొనసాగించండి. మార్కులు పెరిగి పని రాకపోతే సెషన్‌లో సగం సమయం ఆ పనికే ఇమ్మని అడగండి. రెండూ కదలకపోతే, సాయం ఎంత పెడుతున్నారో చూపించమని అడిగి, అప్పటికీ సమాధానం సరిగా రాకపోతే ఆ డబ్బుతో ఇంటికొచ్చి పనులు సాధన చేయించే థెరపిస్టుని పెట్టుకోండి. బ్రిటన్ పరీక్షలో రోజువారీ పనుల్లో ముందున్నది ఆ సాధన చేసినవాళ్ళే.